ఒక కాయ, ఇరవై మూడు గింజలు

మందు సీసాలకు అంటించే లేబుళ్లు సరిచూడటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే భూతద్దం, ఎటు వంచితే అటు వంగే అదే దీపం. ఆమోదం పొందిన నమూనా ఎడమ పక్కన పెట్టుకుంటాను. ప్రెస్సు నుంచి వచ్చిన కట్టలోంచి ఒకటి లాగి కుడి పక్కన పెడతాను. అక్షరం అక్షరం పోల్చి చూస్తాను. పైన రాసింది ఒకటీ లోపల ఉన్నది ఇంకొకటీ అయితే ఎవరి ప్రాణం మీదికైనా రావచ్చు. ఫ్యాక్టరీలో నన్ను వెనకాల డేగ అంటారని నాకు తెలుసు. మొహం మీదే అన్నా నేనేమీ అనుకోను, నిజమే కదా.

అలాంటి డేగ కళ్ల కింద, నా సొంత పెరట్లో, దాదాపు రెండేళ్లు పద్నాలుగు తప్పుడు లేబుళ్లు నిలబడ్డాయి. రాసింది నేనే, నా చేత్తో, పెన్సిల్‌తో. నేను రాసినప్పుడు అవి తప్పులు కావు. అది చెప్పాలనే ఇదంతా.

మా ఫ్యాక్టరీ గేటు పక్కన, ఎవరు ఎప్పుడు నాటారో తెలియని ఐరిస్ గుంపు ఒకటి ఉండేది. నిటారుగా కత్తుల్లాంటి ఆకులు, మట్టి మీదే పడుకుని సగం బయటికి కనిపించే అల్లం లాంటి దుంపలు. వసంతంలో పొడుగాటి కాడల మీద పూసేవి. మూడు రేకులు పైకి, మూడు కిందికి. ఐరిస్‌లు చాలాచోట్ల చూశాను గానీ ఆ రంగు ఇంకెక్కడా చూడలేదు. పాలు తక్కువైన టీ రంగు, దాని మీద సన్నటి నీలం ఈనెలు. "మాసిన గుడ్డలా ఉంది, ఇదేం పువ్వు" అనేది మా సూపర్‌వైజర్. నాకు మాత్రం వసంతంలో ఆ పది పదిహేను రోజులూ ఉద్యోగానికి వెళ్లాలని నిజంగా అనిపించేది. తర్వాత అక్కడ గోడౌన్ కడతామని పునాదులు తవ్వారు. మట్టి లారీ ఎక్కేముందు ఒక్క దుంప లాగి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. ఆ రోజు నా మధ్యాహ్నం భోజనం కాగితంలోకి మారింది.

మా ఇంట్లో దానికి గోడౌన్ పువ్వు అనే పేరు స్థిరపడిపోయింది.

మా వీధి చివర నర్సరీ నడిపే మాస్టారు ఒకప్పుడు బళ్లో డ్రాయింగ్ చెప్పేవారట. ఐరిస్‌ల గురించి నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే. దుంప చూపించడానికి వెళ్లిన మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"చూడమ్మా, దుంప ముక్క తీసి నాటితే అది పిల్ల కాదు, మళ్లీ తల్లే. వంద ముక్కలు చేసినా వందా ఒకటే పువ్వు. గింజ వేస్తేనే పిల్లలు. ఒకే కాయలో గింజలైనా సరే, ఒక కడుపున పుట్టిన పిల్లల్లా వేటి పోలిక వాటిది. ఏ రెండూ ఒకలా పూయవు."

"అయితే గింజే కట్టిస్తాను మాస్టారూ. ఈ దుంపను నమ్ముకోలేను, ముసలిది. నాలుగు పిల్లలుంటే ఎక్కడో ఒకదాంట్లో ఆ రంగు నిలవకపోదు."

"గింజ వేశాక పువ్వు చూడటానికి మూడేళ్లు పడుతుంది. ఆలోచించుకో."

"లేబుళ్లు చూసేదాన్ని. ఓపిక లేకపోతే నాకు జీతమే రాదు" అన్నాను.

గోడౌన్ పువ్వు మా పెరట్లో ఒక్కసారే పూసింది. ఒకటే కాడ, ఒకటే పువ్వు. మాస్టారు ఇచ్చిన తెల్ల ఐరిస్ నుంచి పుప్పొడి తీసి దీనికి రాశాను. అతుక్కుపోయిన లేబుళ్లు విడదీసే చిన్న పట్టకారు ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నాను ఆ పనికి. వారం తిరక్కుండానే పువ్వు వాడి, దాని కింద పచ్చటి కాయ ఉబ్బటం మొదలుపెట్టింది. గాలికి విరగకుండా కర్ర కట్టాను. పగిలి గింజలు చెదిరిపోకుండా పాత దోమతెర ముక్క చుట్టాను. రోజూ పొద్దున్నే వెళ్లి పలకరించేదాన్ని.

మా ఆయన వాచీలు బాగుచేస్తాడు. ముందుగదే ఆయన దుకాణం. కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, వీధి గుమ్మంలోంచి వచ్చే వెలుగులో కూర్చుంటాడు. ఇంట్లో ఇద్దరం ఇద్దరమే, ఇద్దరివీ సన్న కళ్ల పనులే. ఆయన నా సేవ చూసి నవ్వేవాడు.

"నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంత చేసినట్టు గుర్తు లేదు."

"మీకు కాయ కాయదుగా" అనేదాన్ని.

కాయ పండి గోధుమ రంగుకు తిరిగి పగిలింది. లోపల ఇరవై మూడు గింజలు. ఆ తర్వాతి వానల్లోనే తల్లి దుంప కుళ్లిపోయింది. పైకి బాగానే ఉంది, నొక్కి చూస్తే వేలు దిగబడిపోయింది. ఆ వాసన నా చేతికి రెండు రోజులు వదల్లేదు. గేటు దగ్గర గోడౌన్ లేచింది, పెరట్లో దుంప పోయింది. ఇక ఆ పువ్వు అంటూ ఈ భూమ్మీద మిగిలింది నా గింజల్లోనే.

గింజలు ట్రేలో వేసి చలికాలమంతా బయటే ఉంచాను. చలి తగిలితేనే వాటికి మెలకువ వస్తుంది. వసంతంలో పద్నాలుగు మొలిచాయి. తొమ్మిది మొలవలేదు. "పారెయ్యకు, కొన్ని రెండేళ్లు, మూడేళ్లు కూడా పడుకుని లేస్తాయి" అన్నారు మాస్టారు. అందుకని ఆ తొమ్మిదినీ ట్రేలోనే వదిలేసి, పద్నాలుగు మొలకలనూ వెనక గోడవార మడి చేసి నాటాను. అచ్చం గడ్డిపోచల్లా ఉన్నాయి. తెల్ల ప్లాస్టిక్ సీసాలు కత్తిరించి లేబుళ్లు చేశాను. పైన 'గోడౌన్ × తెల్లది', కింద ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు. ఎండకు సిరా వెలిసిపోతుంది, పెన్సిల్ వెలవదు.

ఆ ఎండాకాలమే నన్ను పది వారాలు ఇంకో ఊళ్లో మా కంపెనీ వాళ్ల కొత్త ఫ్యాక్టరీకి పంపారు, అక్కడ చేరిన అమ్మాయిలకు పని నేర్పమని. వెళ్లేముందు మా ఆయనకు ఎన్ని చెంబులు, ఏ వేళకు, అన్నీ చెవిన ఇల్లు కట్టుకుని చెప్పాను. కాగితం మీద రాసి అద్దానికి అంటించాను కూడా. ఆయనకు వండి పెట్టడానికి వాళ్లక్క వచ్చి ఉంటానంది. నాకు వదిన. ఊళ్లో రెండు వీధుల అవతలే ఉంటుంది. మంచి మనిషి. శుభ్రం పిచ్చి ఒక్కటే. ఆవిడ అడుగుపెట్టిన ఇంట్లో దుమ్ము కూడా భయపడుతుంది.

పది వారాలూ ఫోన్‌లో మొదటి ప్రశ్న మొక్కల గురించే. "బ్రహ్మాండంగా ఉన్నాయి" అనేవాడు.

తిరిగొచ్చి, సంచి ఇంకా చేతిలో ఉండగానే పెరట్లోకి పరుగెత్తాను. నిజంగానే బ్రహ్మాండంగా ఉన్నాయి. పద్నాలుగూ నిలబడి ఉన్నాయి, ప్రతి దాని పక్కనా నా లేబుల్. గడ్డిపోచలు పోయి వెడల్పాటి ఆకులు వచ్చాయి, మొదట్లో చిటికెన వేలంత దుంపలు. నేను ఎగిరి గంతేయడం ఒకటే తక్కువ.

"ఇంత తొందరగా ఇంత లావు ఎలా అయ్యాయండీ?"

"చెప్పినట్టు నీళ్లు పోశానుగా" అన్నాడు మా ఆయన.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, ఎప్పుడో ఆరిపోయిన పళ్లేన్ని తుడుస్తూనే ఉంది. "ప్రయాణం చేసొచ్చావు, ముందు స్నానం చెయ్యి అమ్మాయ్" అంది. నేను ఆవిడను కౌగిలించుకుని థ్యాంక్స్ చెప్పాను. ఎంత బాగా చూసుకున్నారో అన్నాను. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మరుసటి వసంతంలో మడిలో ఏదీ పూయలేదు, పూస్తుందని నేనూ అనుకోలేదు. నా ధ్యాసంతా ట్రే మీదే ఉండేది. తొమ్మిదిలో ఒక్కటైనా లేస్తుందేమోనని కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను. ఏదీ లేవలేదు. "వస్తాయిలే, ఓపిక పట్టు" అనేవాడు మా ఆయన నా పక్కన నిలబడి. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, నేను ఇంకా లేవకముందే టీ పెట్టి మంచం దగ్గరికి తెచ్చాడు. పెళ్లయిన ఇరవై ఐదేళ్లలో మొదటిసారి. మర్నాడు ఫ్యాక్టరీలో ఆ సంగతి చెప్పని మనిషి లేదు. మా సూపర్‌వైజర్ వాళ్లాయన్ని ఇంటికెళ్లి సాధించిందట కూడా.

ఈ ఏడాది పద్నాలుగు మొక్కలూ మొగ్గలు తొడిగాయి.

ముందు విచ్చుకుంది అయిదో నంబరు. వంగపండు రంగు. పెద్ద పువ్వే, అందమైన పువ్వే, కానీ అటు తల్లి పోలికా లేదు, ఇటు తండ్రి పోలికా లేదు. కొంచెం గుండె జారిన మాట నిజం. "ఏ మేనమామ పోలికో" అని నవ్వుకున్నాను. ఇంకా పదమూడు ఉన్నాయి కదా.

"బాగుంది" అన్నాడు మా ఆయన. కాసేపాగి మళ్లీ "బాగుంది" అన్నాడు. మొహాన నెత్తుటి చుక్క లేదు. ఒంట్లో బాగోలేదేమోనని నుదురు పట్టుకుని చూశాను. మాస్టారికి కబురు పంపితే మోకాళ్లు నొప్పులు, రాలేనన్నారు. మోకాళ్లు నొప్పులున్న మనిషి ఆ సాయంత్రమే సైకిల్ మీద వెళ్తుంటే చూశాను. పెద్దాయన కదా అని ఊరుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మొగ్గలు తెగి పడటం మొదలైంది.

మొదటి రోజు రెండు, రెండో రోజు నాలుగు. విచ్చుకోవడానికి రేపో ఎల్లుండో అనే మొగ్గలు, కాడతో సహా తెగి మొక్కల మొదట్లో పడి ఉండేవి. నత్తలు అన్నాడు మా ఆయన. నత్తల కోసం ఉప్పు చల్లాను. పక్కింటి పిల్లి అన్నాడు. పక్కింటావిడతో ఆ పిల్లి గురించి గట్టిగానే మాట్లాడాను, మేమిద్దరం ఇప్పటికీ పలకరించుకోవడం లేదు. మూడో రోజు పొద్దున మూడు కాడలు చేతిలోకి తీసుకుని చూస్తే తెగిన చోటు ఏటవాలుగా, నున్నగా ఉంది. నత్తలూ పిల్లులూ కత్తెర వాడవు.

ఎవరో గిట్టనివాళ్ల పని అనుకున్నాను. అప్పుడు కూడా నా ఆలోచన ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఆ మూడు కాడలనూ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. ముదిరిన ఐరిస్ మొగ్గ నీళ్లలో పెడితే విచ్చుకుంటుంది. మూడు ఖాళీ మందు సీసాల్లో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒకటి పెట్టి, అలవాటు ప్రకారం లేబుళ్లు అంటించాను. మూడు, ఎనిమిది, పదకొండు. నా బల్ల మీద దీపం పక్కనే ఉంచాను. పువ్వును చూసుకునే అదృష్టం ఇంట్లో లేకపోతే ఇక్కడైనా చూసుకుందామని.

రెండో రోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మూడూ విచ్చుకుని ఉన్నాయి. మూడూ వంగపండు రంగే.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కంగారు పడొద్దు, సరిచూసి మాట్లాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో నంబరు పువ్వును నమూనాగా ఎడమ పక్కన పెట్టాను. ఎనిమిదిని కుడి పక్కన పెట్టి దీపం వంచాను. కింది రేకు మీద నూగు, మొదట్లో తెలుపు, చివర్న నారింజ రంగు. ఇందులోనూ అంతే. నూగుకు రెండు పక్కలా తెల్లటి మచ్చ, మచ్చలోకి దిగిన ఊదా గీతలు. ఇందులోనూ అంతే. పై రేకుల అంచు కుచ్చులు లేకుండా సాదాగా ఉంది. ఇందులోనూ అంతే. ఎనిమిది తీసి పదకొండు పెట్టాను. ఫోన్‌లో ఉన్న అయిదో నంబరు ఫోటో తెరిచి దానితోనూ పోల్చాను. ఒకే ప్రెస్సు, ఒకే అచ్చు.

ఏ రెండూ ఒకలా పూయవు అన్న మాట మాస్టారి గొంతులోనే వినిపించింది. నా ఉద్యోగంలో నమూనాతో సరిపోవడం శుభవార్త. ఆ రోజు సరిపోయినందుకు ఏడ్చాను. పక్క బల్ల అమ్మాయి నీళ్ల సీసా ఇచ్చి, ఏమైందని అడక్కుండా వెళ్లిపోయింది.

సగం రోజు సెలవు పెట్టి, మూడు సీసాలూ సంచిలో పెట్టుకుని సూటిగా నర్సరీకి వెళ్లాను. వెతకాల్సిన పని కూడా లేదు. గేటు లోపల దారికి రెండు వైపులా అవే వంగపండు రంగు పువ్వులు, వరుసగా. ఇన్నేళ్లుగా ఆ దారిలో నడిచాను. మామూలు రకం కదా అని ఎప్పుడూ ఆగి చూడలేదు.

మాస్టారు కుండీల మధ్య పీట వేసుకుని కూర్చున్నారు. నేను సీసాలు తీసి ఒక్కొక్కటీ ఆయన ముందు పెట్టాను. ఆయన లేబుళ్లు చదివారు, పువ్వుల వంక చూడలేదు.

"నా మొక్కలు ఏమయ్యాయి మాస్టారూ?"

ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నారు, మళ్లీ దులుపుకున్నారు.

"మీ వదినగారు మడి శుభ్రం చేశారమ్మా. గడ్డి అనుకుని. నువ్వు వెళ్లిన మూడో వారమే. అప్పటికే ఎండకు వడిలిపోయాయి, మళ్లీ నాటినా బతకలేదు. మీ ఆయన వచ్చి ఇక్కడే, ఈ పీట మీదే కూర్చుని ఏడ్చాడు. నీ మొహం ఎలా చూడాలి అన్నాడు. నా దగ్గర ఉన్నవాటిలో బాగా చిన్న పిలకలు ఏరి ఇచ్చాను."

"మీరే ఏరారా?"

"పూసేలోపు చెప్పేస్తానన్నాడు."

"పూసేలోపు రెండేళ్లుంది. మీరెందుకు చెప్పలేదు? వారానికి రెండుసార్లు వచ్చాను మీ దగ్గరికి. దుంపలు ఎంత లావయ్యాయో చెప్పాను. ఎరువు ఎంత వెయ్యాలో అడిగాను, మీరు చెప్పారు. మీ పిలకలకు ఎరువు ఎంత వెయ్యాలో మీకు తెలీదా?"

"తప్పేనమ్మా" అన్నారు.

గురువుగారని నెత్తిన పెట్టుకున్న మనిషి. ఆ తప్పేనమ్మా అన్న మాటకు నాకు జాలి కలగాలి, కలగలేదు, కడుపు మండింది. సీసాలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఒక వాచీ విప్పుకుని కూర్చున్నాడు. వదిన వచ్చి ఉంది, అరుగు మీద చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. ఆ వేళప్పుడు నేను రావడం చూసి ఇద్దరూ తలెత్తారు. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"మాస్టారు చెప్పారు" అన్నాను.

మా ఆయన కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. వదిన మాత్రం వెంటనే ఏడుపు అందుకుంది, ఆ ఏడుపు రెండేళ్లుగా సిద్ధంగా ఉన్నట్టుంది.

"గడ్డి అనుకున్నానే అమ్మాయ్! మొక్కలు చచ్చిపోయాయి, వాటి చోట గడ్డి మొలిచింది, నువ్వొచ్చి చూస్తే బాధపడతావని మొత్తం పీకేశా. లేబుళ్లు మాత్రం ఒక్కటి కూడా కదపలేదు, ఒట్టు. పీకిందంతా పీకి, చుట్టూ తుడిచి మరీ పెట్టా. తమ్ముడొచ్చి చూసి కుప్పకూలాడు. చెప్పేద్దాంరా అంటే వినలేదు."

నిజం చెప్పాలంటే ఆవిడ మీద నాకు కోపం నిలవలేదు. ఆ మొలకలు గడ్డిలాగే ఉంటాయి. నేనే నాటుతూ నవ్వుకున్నాను. లేబుల్ కదపకుండా దాని కిందిది పీకేయడం మా వదిన ఒక్కతే చేయగల పని. ఇంకో రోజైతే నవ్వొచ్చేదేమో.

"మొగ్గలు కత్తిరించింది మీరేనా?" అన్నాను మా ఆయనతో.

"ఒక్కటే పూస్తే తెలీదు. రెండు పక్కపక్కన పూస్తే నీకు తెలిసిపోతుందని."

"పక్కింటావిడతో పోట్లాడాను. మీరు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు."

నేను గోడకు చేరబడి నేల మీదే కూర్చున్నాను. లోపల గోడ గడియారాలన్నీ ఎవరి లెక్కన అవి కొట్టుకుంటున్నాయి. ఆయన చేతులు చూశాను. వెంట్రుకంత స్ప్రింగును నలగకుండా పట్టుకునే చేతులు. పిలకలను అంత శ్రద్ధగా, నా లేబుళ్లకు సరిగ్గా అంతే దూరంలో నాటిన చేతులు. పొరపాటు ఆయనది కాదు. నా బాధ చూడలేక చేశాడు. ఇరవై ఆరేళ్ల కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం అర్థం చేసుకోలేనా అనిపించింది. రెండేళ్ల అబద్ధాన్ని మింగడానికి నాకు ఒక ఏడాది పడుతుందేమో, మింగుతాను అనుకున్నాను.

"సరే" అన్నాను ఆఖరికి. "అయిందేదో అయింది. ట్రేలో ఇంకా తొమ్మిది గింజలున్నాయి. నిరుడు రాలేదు, ఈ ఏడూ రాలేదు. వచ్చే ఏడైనా లేస్తాయి. ఒక్కటి లేచినా నాకు చాలు."

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుని, "లేస్తాయే, ఎందుకు లేవవు, నేను మొక్కుకుంటా" అంది.

"లేవవు" అన్నాడు మా ఆయన.

ఇద్దరం ఆయన వంక చూశాం. ఆయన బల్ల మీద విప్పిన వాచీనే చూస్తున్నాడు.

"నిరుడే లేచాయి. రెండు. నువ్వు ఇంకా నిద్రలేవలేదు."

"లేస్తే?"

"అవి అసలైనవి. పూస్తే వేరేగా పూస్తాయి. వాటి పక్కన పెట్టి చూస్తే మడిలోవన్నీ దొంగవని నీకు తెలిసిపోతుంది." వాచీ మూత పక్కకు జరిపాడు. "పీకేశాను."

"తెలిసే పీకారా?"

"తెలిసే."

వదిన ఒళ్లో చిక్కుళ్ల చాట జారి కింద పడింది. "ఒరేయ్!" అంది. ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది, ఇది ఆవిడకు కూడా చెప్పలేదని. మాస్టారికీ చెప్పి ఉండడు. ఇది ఆయన ఒక్కడి పనే.

"మరి మిగతా ఏడు?" అన్నాను. లెక్క నా నోట దానంతట అదే వచ్చింది.

"రోజూ ఒకటి లేస్తుంటే రోజూ నీకంటే ముందు నేను లేవాలి. అందుకని... కెటిల్‌లో నీళ్లు మరిగించి ట్రేలో పోశాను."

నిరుడు వసంతమంతా నేను ఆ ట్రే ముందు గొంతుక్కూర్చున్నాను. మట్టి ఆరకుండా నీళ్లు చిలకరించాను. నా భుజం మీద చెయ్యి వేసి ఓపిక పట్టు అన్నది ఈ మనిషే. ఉడికిన గింజల ముందు కూర్చుని ఓపిక పట్టాను.

"ఏ రోజు?"

"ఆదివారం."

ఆ ఒక్క మాట చాలింది. ఆయన చెప్పక్కర్లేకుండానే నాకు ఆ కప్పు కళ్ల ముందు కనిపించింది. మంచం పక్క స్టూలు, సాసర్ మీద చెంచా, నేను దిండుకు ఆనుకుని కూర్చుని ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు అని వేళాకోళం చేయడం, ఆయన నవ్వకపోవడం.

"ట్రేలో ముందు పోశావా, టీ ముందు పెట్టావా?"

ఇన్నేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. వదిన విన్నది, ఆయన విన్నాడు.

"చెప్పు."

"ట్రేలో ముందు" అన్నాడు. "మిగిలిన నీళ్లతో టీ పెట్టాను."

నేను లేచి పెరట్లోకి వెళ్లాను. ఆయన వెనకాల వచ్చాడు, గుమ్మం దగ్గర ఆగిపోయాడు, దిగే ధైర్యం లేకపోయింది. ట్రేను ఎండలోకి లాగి మట్టి పాత గుడ్డ మీద బోర్లించాను. ముద్దలు చిదిపి వేళ్లతో వెతికాను. ఏడు గింజలూ దొరికాయి. పైకి బాగానే ఉన్నాయి, మిరియాల్లా గుండ్రంగా. నొక్కితే ఒక్కొక్కటే చితికిపోయింది. లోపల ఏమీ లేదు.

మడిలోంచి పద్నాలుగు లేబుళ్లూ పీకేశాను. పద్నాలుగో దాన్ని తిరగేసి, వెనక పక్క పెన్సిల్‌తో రాశాను: గోడౌన్ × తెల్లది. ఒక కాయ. గింజలు ఇరవై మూడు. గడ్డి అనుకుని పీకినవి పద్నాలుగు. తెలిసి పీకినవి రెండు. ఉడికించినవి ఏడు. మిగిలినవి లేవు.

ఖాళీ ట్రేలో దాన్ని గుచ్చి, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సరిచూశాను. తప్పుల్లేవు.